స్పాంజి సంగతి

మార్చి 4, బుధవారం

నేను పనిచేసే ప్రెస్సులో కోతకు పోగా మిగిలిన కాగితాలు కుట్టుకుని ఈ పుస్తకం చేసుకున్నాను. ఇందులో ప్రజల కోసం ఏమీ రాయను. ప్రజల కోసం రాయాల్సినవి వేరే ఉన్నాయి.

అక్క ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. కడుపు మీద కుట్లు ఉన్నాయి. బరువులెత్తకూడదు, వంగకూడదు, మెట్లెక్కకూడదు. మరి ఏం చెయ్యాలి అని అడిగితే, ఏమీ చెయ్యకపోవడమే మందు అందట డాక్టరమ్మ. క్లాసు మొత్తాన్ని కనుసైగతో కూర్చోబెట్టే సైన్సు టీచరుకి ఇంతకన్నా చేదు మందు ఎవరూ రాసి ఉండరు.

మంచం ముందు గదిలో వేశాం, గాజుతొట్టికి ఎదురుగా. పడుకునే చూసుకోవచ్చని. తొట్టి పని ఇక నాది. అందులో ఉన్నవి అటు చేపలూ కావు, ఇటు బల్లులూ కావు. ఆక్సలాటల్ అంటారు. జానెడు పొడుగు, నాలుగు పొట్టి కాళ్ళు, మెడకి రెండు పక్కలా ఎర్రటి కుచ్చుల్లాంటి మొప్పలు. మూతి ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది. కదలకుండా కూర్చుని అందరినీ చూసి నవ్వేది తెల్లది, దాని పేరు హెడ్మాస్టరు. గోడ వెంబడి అటూ ఇటూ నడుస్తూ ఉండేది నల్లది, అది డ్రిల్లు మాస్టారు. పేర్లు అక్క పెట్టినవే. తోటి టీచరు ఊరు మారుతూ ఇచ్చిపోయింది. అప్పట్నుంచి ఈ ఇంట్లో నా తర్వాత గారాబం వీటికే. ఈమధ్య వీటి తర్వాత నాకేమో అని అనుమానం.

అక్క కళ్ళు మూతలు పడుతుండగా పని అప్పజెప్పింది. వానపాములు ముక్కలు చేసి పెట్టు, వారానికోసారి బకెట్టు నీళ్ళు తీసి ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు పొయ్యి, ఇంక ఫిల్టర్లో స్పాంజి సంగతి చూస్తూ ఉండు. అంతే చెప్పి నిద్రపోయింది.

స్పాంజి తీసి చూస్తే గోధుమరంగు జిగురు. పాచి. వేలు పెడితే జారిపోతోంది. వ్యవస్థని ఎప్పుడూ పైనుంచే చూస్తారు, లోపల ఇలా ఉంటుంది. పెరట్లో కుళాయి కింద పెట్టి, పిండి, మళ్ళీ పెట్టి, మళ్ళీ పిండి, తెల్లటి నీళ్ళు కారేదాకా వదల్లేదు. లేతపసుపు రంగు స్పాంజి అని అప్పుడు తెలిసింది.

అక్క లేచాక, స్పాంజి సంగతి చూశాను అని చెప్పాను. మంచివాడివిరా అంది.

మార్చి 5

స్పాంజి సంగతి చూశాను.

మార్చి 7

స్పాంజి సంగతి చూశాను. తొట్టి అద్దంలా ఉందని బావ అన్నాడు. బావ నన్ను పేరు పెట్టి పిలవడు. విప్లవం అంటాడు. ఏం విప్లవం, టీ తాగావా. ఏం విప్లవం, చెప్పులు తిరగబడి ఉన్నాయి, అది కూడా నీ కార్యక్రమమేనా. నేను పలకను. ఆయన పంపింగ్ స్టేషన్లో సూపర్‌వైజరు. మేముండేది స్టేషన్ క్వార్టర్స్. గోడ అవతలే పంపులు. అవి ఆడుతుంటే అలమారలో చెంచాలు సన్నగా మోగుతుంటాయి. ఊరు మొత్తం తాగే నీళ్ళు మా గోడ పక్కనుంచే పోతాయి. ఎవరైనా అడిగారా అవి ఎలాంటి నీళ్ళని?

మార్చి 9

చూశాను. కడిగాను.

మార్చి 11, బుధవారం

పొద్దున్న అక్క పిలిచింది. హెడ్మాస్టరుకి దురదలా ఉందిరా అంది. నవ్వాను. నీళ్ళల్లో ఉన్నదానికి దురదేమిటి?

చూస్తూ కూర్చున్నాను. నిజమే. కుక్క చెవి గోక్కున్నట్టు వెనక కాలు పైకి లేపి మొప్పల కుచ్చు గోక్కుంది. కాసేపాగి తల విదిలించింది. మళ్ళీ గోక్కుంది. డ్రిల్లు మాస్టారు గోక్కోవడం లేదు గానీ, రాయికి పక్క రుద్దుకుంటూ పోతోంది. అప్పుడప్పుడు ఉలిక్కిపడ్డట్టు తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకి దూకుతోంది. అయినా రెండూ నవ్వుతూనే ఉన్నాయి. మూతి అలా పుట్టింది కాబట్టి. బాధ ఎంతున్నా మొహం నవ్వుతూనే ఉండేలా పుట్టడం ఎంత అన్యాయం.

స్పాంజి ఇంకాస్త గట్టిగా కడిగాను.

మార్చి 12

అక్క పడుకుని ఆజ్ఞలు, నేను నిలబడి అమలు. ముందు వేడి చూడమంది. ధర్మామీటరు వేశాను. చల్లగానే ఉంది. ఫిల్టరు ధార మొప్పలకి నేరుగా తగులుతోందేమో చూడమంది. మూతి గోడకి తిప్పాను. నీటి పైన కదలిక కూడా తగ్గింది. దీపం కళ్ళల్లో పడుతోందేమో అంది. తువ్వాలు కప్పాను. దోమల మందు ఆ గదిలో కొట్టొద్దంది. మానేశాం. రాళ్ళకి పదునుందేమో అని ఒక్కొక్కటీ తీసి చేత్తో తడిమి పెట్టాను.

ఎవరికి దురదో వాళ్ళు మాత్రం గోక్కుంటూనే ఉన్నారు.

స్పాంజి సంగతి చూస్తున్నావా అని అక్క మళ్ళీ అడిగింది. రోజూ చూస్తున్నాను అన్నాను. రోజూనా అని కాస్త ఆశ్చర్యపడి, సరేలే మంచిదే అంది.

మార్చి 15, ఆదివారం

మా చదువరుల బృందానికి వెళ్ళాను. సైకిలు షాపు మీద గది. పొడుగు బల్ల మీద కరపత్రాలు, కింద నుంచి ట్యూబు రబ్బరు వాసన. బృందం నడిపే కళ్ళజోడన్న మాట్లాడాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడంటే ముఖ్యమైన మాట రాబోతోందని అర్థం. పీల్చే గాలి, తాగే నీరు ఎవరి చేతుల్లో ఉన్నాయో తెలుసుకోవడమే చదువుకి మొదటి మెట్టు అన్నాడు.

తొట్టి గురించి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు, నోరు ఊరుకోలేదు. అందరూ నావైపు తిరిగారు. చర్మంతో ఊపిరి పీల్చే జీవులు నీళ్ళల్లో ఏమున్నా మనకన్నా ముందు కనిపెడతాయని ఒకడు అన్నాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ అన్న మెల్లగా అన్నాడు, తమ్ముడూ, నీ ఇంట్లో సాక్షులున్నారు.

 ఇన్నాళ్ళు ఎదుటివాళ్ళు రాసినవి చదివాను. ఇప్పుడు నా దగ్గర చెప్పడానికి ఒక మాట ఉంది.

మార్చి 17, మంగళవారం

కుళాయి నీళ్ళల్లో ఏం కలుపుతున్నారు అని బావని అడిగాను. క్లోరిన్ అన్నాడు, అందుకే కదా మీ అక్క ఒక రోజు ఉంచి పొయ్యమంది, ఉంచితే పోతుంది. ఇంకేం కలుపుతున్నారు అని అడిగాను. నిన్ను కలుపుకుందామనుకుంటున్నాం, కరుగుతావో లేదో అన్నాడు. అక్క కుట్లు పట్టుకుని నవ్వింది. నవ్వితే నొప్పని తెలిసి కూడా.

సాయంత్రం స్టేషన్ లాబు నుంచి చిన్న సీసాల పెట్టె తెచ్చాడు. గాజు గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వెయ్యాలి. పసుపు వస్తే మంచి నీళ్ళు, ఆకుపచ్చ వస్తే అమ్మోనియా. వంటింటి కుళాయి నీళ్ళు పసుపు. పెరటి కుళాయి పసుపు. బకెట్టులో ఉంచిన నీళ్ళు పసుపు. తొట్టి నీళ్ళు లేత ఆకుల రంగు వచ్చాయి.

బావ గొట్టం వెలుతురుకి ఎత్తి చూస్తూ, వచ్చేటప్పుడు పసుపు, వచ్చాక ఆకుపచ్చ అన్నాడు. మధ్యలో ఏం జరుగుతోందో చూడు.

ఆ చుక్కలు స్టేషన్ వాళ్ళవి. నేరం చేసినవాడి తక్కెడలోనే నేరం తూచినట్టు.

మార్చి 18

పెంపుడు చేపల షాపుకి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళాను. షాపతను తన చుక్కలు వేసి చూపించాడు. కుళాయివి పసుపు, తొట్టివి ఆకుపచ్చ. అది వాటి మలమూత్రాల నుంచే వస్తుంది, ఆ ఘాటుకే గోక్కుంటాయి, ఇలాగే వదిలేస్తే మొప్పలు కాలిపోయి చచ్చిపోతాయి అన్నాడు. ఫిల్టరు పనిచేస్తోందా అని అడిగాడు. నీళ్ళు ధారగా పడుతున్నాయి అన్నాను. శుభ్రంగా ఉందా అన్నాడు. నా అంత శుభ్రంగా ఎవరూ ఉంచరు అన్నాను. ఇంక అతనేం చెబుతాడు, భుజాలు ఎగరేశాడు.

అతను స్టేషన్ వాళ్ళకి భయపడుతున్నాడు. షాపుకి నీళ్ళిచ్చేది వాళ్ళే కదా.

సరే, తొట్టిలో మురికి పుడుతోందనే అనుకుందాం. అప్పుడు నేను చెయ్యాల్సింది ఏమిటి? ఇంకా కడగడం. ఈ రోజు నుంచి పూటకోసారి.

మార్చి 20

కడిగాను. కడిగాను. సగం నీళ్ళు మార్చాను. పొద్దున్న మారిస్తే మధ్యాహ్నం దాకా తెరిపి, సాయంత్రానికి మళ్ళీ గోకుడు. హెడ్మాస్టరు మొప్పల కుచ్చు చివర్లు తెల్లబడ్డాయి. తిండి ముట్టలేదు. వానపాము ముక్క మూతి ముందు ఆడిస్తే మొహం తిప్పుకుంది.

అక్క గోడవైపు తిరిగి పడుకుంది. చూడలేకపోతున్నానురా అంది.

మార్చి 22, ఆదివారం

కరపత్రం రాశాను. ఒక్క ఊపులో వచ్చేసింది. పేరు: మన కుళాయిలో ఏముంది? మొదటి వాక్యం: మూగజీవులు సాక్ష్యం చెబుతున్నాయి, వినే చెవులున్నాయా? కళ్ళజోడన్న చదివి, చివర ఎవరు బాధ్యులో తేల్చి రాయకపోతే కత్తికి పిడి లేనట్టే అన్నాడు. కాబట్టి రాశాను. పంపింగ్ స్టేషన్ సూపర్‌వైజరు నిర్లక్ష్యమే దీనికి కారణం అని. పేరు రాయలేదు. ఊళ్ళో ఉన్నది ఒకే స్టేషన్, ఒకే సూపర్‌వైజరు.

వచ్చే నెల పందొమ్మిదిన ఊరి సభ. నీటి సరఫరా పెద్దలందరూ వస్తారు. గుమ్మం దగ్గర నిలబడి పంచాలని నిర్ణయం.

సత్యానికి బంధుత్వం లేదు. ఈ మాట దారి పొడుగునా అనుకుంటూ ఇంటికొచ్చాను. అనుకోవాల్సిన అవసరం ఏమొచ్చిందో.

మార్చి 24, మంగళవారం

కరపత్రం ప్రూఫు వంటింటి బల్ల మీద మర్చిపోయాను.

మర్చిపోయాననే రాస్తాను.

డ్యూటీ నుంచి వచ్చి బావ భోజనం చేస్తూ చదివాడు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఆయన కంచం పక్కకి జరిపి, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. ఒక మాట చుట్టూ గుండ్రంగా గీత గీశాడు.

"ఒత్తు పోయింది" అన్నాడు. "నిర్లక్ష్యంలో క్ష కింద య ఒత్తు ఉంటుంది. నా గురించి ఊరంతా పంచేది తప్పుల్లేకుండా రాయవోయ్."

తిట్టి ఉంటే నాకు బలం వచ్చేది. ఆయన కంచం కడుక్కుని, చొక్కా మార్చుకుని, రెండో డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ మనిషి ఎప్పుడూ ఇంతే.

ముందు గదిలోంచి అక్క విన్నది. కాగితం తెమ్మంది. చదివింది. మంచం మీద నుంచి లేవబోయి, లేవలేక, అలాగే ఆనుకుని మాట్లాడింది.

"విచారణ అంటారు. అది తేలేదాకా ఆయన్ని పక్కన పెడతారు. ఈ ఇల్లు స్టేషన్‌ది, ఖాళీ చెయ్యమంటారు. నేను గుమ్మం దాకా నడవలేను. అది తెలిసే రాశావా?"

"నిజం రాశాను."

"నిజమో కాదో నీకు తెలుసా? నీ కోపం నీకు తెలుసు. అది నిజమనుకుంటున్నావు."

నేను గొంతు పెంచాను. ఏమన్నానో ఇక్కడ రాయను. తొట్టిలో డ్రిల్లు మాస్టారు ఉలిక్కిపడి మూలకి దూకింది.

బట్టల సంచీ తీసుకుని ప్రెస్సుకి వచ్చేశాను. కాగితం బేళ్ళ వెనక కొంచెం చోటుంది.

మార్చి 25

ఒత్తు దిద్దాను.

మార్చి 29, ఆదివారం

కరపత్రాలు అచ్చయ్యాయి. ఒక వైపే అచ్చు, వెనక వైపు తెల్లగా వదిలేశాం. సిరా వాసనకి ఎప్పుడూ కలిగే సంతోషం ఈసారి అంతగా కలగలేదు. నిద్ర సరిగా లేకపోవడం వల్ల. కట్టలు కట్టి కటింగ్ మిషను పక్కన పెట్టాను.

తొట్టి గురించి ఆలోచించలేదు.

ఏప్రిల్ 1

ప్రెస్సు ఓనరు అడిగాడు, ఇంటికెళ్ళవా అని. ఇల్లనేది ఒక భావన అన్నాను. ఆ భావనకి తలుపుంది కదా, మా ప్రెస్సుకి రాత్రిళ్ళు తాళం వేసుకోనివ్వు నాయనా అన్నాడు.

తొట్టి గురించి ఆలోచించలేదు.

ఏప్రిల్ 5, ఆదివారం

బృందంలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. సాక్షులెలా ఉన్నారు తమ్ముడూ అని కళ్ళజోడన్న అడిగాడు. బతికి ఉన్నారా లేదా అని అర్థం. ఉన్నారన్నాను. నాకు తెలీదు. చచ్చిపోతే కరపత్రానికి మరింత బలం అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ తలలూపారు. నేను కూడా ఊపినట్టున్నాను.

ప్రెస్సుకి వచ్చాక కట్టలోంచి ఒక కరపత్రం లాగి మొదటి వాక్యం మళ్ళీ చదివాను. 

ఏప్రిల్ 11, శనివారం

బట్టల కోసం వెళ్ళాను. బట్టల కోసమే.

అక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది. నడుస్తోంది. నన్ను చూసి, కాళ్ళు తుడుచుకో అంది. నేను తొట్టివైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

హెడ్మాస్టరు రాయి మీద కూర్చుని నవ్వుతోంది. కాలు కదలదు. తల విదిలించడం లేదు. మొప్పల కుచ్చులు ఎర్రగా, గాలికి ఊగే గడ్డిలా నెమ్మదిగా ఊగుతున్నాయి. డ్రిల్లు మాస్టారు గోడ వెంబడి తీరిగ్గా నడుస్తోంది, ఎక్కడా రుద్దుకోకుండా. ఎంతసేపు నిలబడ్డానో. ఒక్కసారి కూడా గోక్కోలేదు.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఇది: బావ భయపడి నీళ్ళు బాగు చేయించాడు. కరపత్రం పంచకముందే గెలిచాను.

"ఏం చేశారు?" అని అడిగాను.

"ఏమీ చెయ్యలేదు."

"ఏదో ఒకటి చేసుంటారు."

"నేను వంగలేను. మీ బావకి తీరిక లేదు. వారానికి ఒక బకెట్టు మార్చాడు, అంతే. నువ్వెళ్ళిన కొత్తలో ఇంకా గోక్కున్నాయి. రాను రాను తగ్గింది."

నేను వినడం లేదు. నా కళ్ళు ఫిల్టర్లో స్పాంజి మీద ఉన్నాయి. మళ్ళీ గోధుమరంగు. మళ్ళీ పాచి. ఇంత ఘోరంగా వదిలేశారు. చొక్కా చేతులు మడిచి తొట్టిలో చెయ్యి పెట్టబోయాను. అక్క మణికట్టు పట్టుకుంది. ఆపరేషనయ్యాక ఆ చేతికి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో.

"ఎందుకు దాన్ని?"

"కడగడానికి. నువ్వేగా స్పాంజి సంగతి చూడమన్నావు?"

"చూడమన్నాను."

"చూశాను కదా రోజూ. చివర్లో పూటకోసారి కూడా."

అక్క నా మొహంలోకి చూసింది. క్లాసులో కుర్రవాడు తప్పు సమాధానాన్ని గట్టిగా చెప్పినప్పుడు చూసే చూపు.

"చూడటమంటే ఏం చేశావురా?"

"కుళాయి కింద పెట్టి, పిండి..."

మణికట్టు వదిలేసి మంచం మీద కూర్చుంది. కుట్లు పట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"ఒరేయ్, చూడమంటే కళ్ళతో చూడమని. నీళ్ళు ఆడుతున్నాయో లేదో, ఏమైనా అడ్డం పడిందో చూడమని. నువ్వు శత్రువు సంగతి చూసినట్టు చూశావా?"

తర్వాత నవ్వు ఆపి అంది, "దురద వాటికి కాదురా. నీ చేతికి."

ఆ పాచిలో కంటికి కనబడని ప్రాణులుంటాయట. అమ్మోనియా వాటికి తిండి. అవి తింటేనే నీళ్ళు మంచివవుతాయి. కుళాయిలో క్లోరిన్ ఉన్నదే అలాంటి వాటిని చంపడానికి. నేను రోజూ చంపాను, ఉతికి ఆరేసినంత శ్రద్ధగా. నువ్వు ఫిల్టరు కడగలేదురా, ఫిల్టర్నే తీసేశావు అంది.

నేను నమ్మలేదు. పాచి నీళ్ళని శుభ్రం చెయ్యడమేమిటి? అలాగైతే మురికి మురికి కాదు, శుభ్రం శుభ్రం కాదు. మీ ఆయన్ని కాపాడుకోవడానికి చెబుతున్నావు అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను గానీ మాట బయటికి వచ్చేసింది.

అక్క కోప్పడలేదు. అయితే చూసుకో అంది. ఈసారి సరిగ్గా చూడు.

ఏప్రిల్ 12, ఆదివారం

బృందానికి వెళ్ళలేదు. వానపాము ముక్కలు గిన్నె నీళ్ళల్లో వేసి పెరట్లో పెట్టాను, కుళ్ళడానికి. కంపు. పక్క క్వార్టరు ఆవిడ కిటికీ మూసుకుంది.

ఏప్రిల్ 14, మంగళవారం

కంపు నీళ్ళల్లో చుక్కలు వేస్తే చిక్కటి ఆకుపచ్చ. రెండు సీసాల్లో సమంగా పోశాను. తొట్టి స్పాంజి మూల కొంచెం కత్తిరించాను. అక్క పక్కన నిలబడి, ఇంతే, ఇంకొంచెం కూడా కొయ్యకు అని కాపలా. ఆ ముక్కని రెండు చేశాను. ఒకటి పాచితో అలాగే మొదటి సీసాలో వేశాను. రెండోది నా పద్ధతిలో కుళాయి కింద తెల్లటి నీళ్ళొచ్చేదాకా పిండి రెండో సీసాలో వేశాను. గాలి బుడగల గొట్టం రెంటికీ చీల్చి పెట్టాను.

బావ డ్యూటీ నుంచి వచ్చి చూశాడు. ఈ రెంటిలో విప్లవం ఏది అన్నాడు. కడిగింది అన్నాను. అదే గెలవాలని కోరుకుంటున్నావా అని అడిగాడు. నిజం చెప్పాలంటే కోరుకుంటున్నాను. చెప్పలేదు. ఆయన చుక్కల సీసాలు నా దగ్గరే ఉంచుకోమన్నాడు, లాబులో కొత్తవి వచ్చాయట.

కరపత్రం సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. సభ ఈ ఆదివారమే.

ఏప్రిల్ 15

రెండూ ఆకుపచ్చే. చూశావా అన్నాను అక్కతో. తొందరపడకు అంది.

ఏప్రిల్ 16

మొదటిది కాస్త వెలిసినట్టుంది. వెలుతురు వల్లేమో.

ఏప్రిల్ 17, శుక్రవారం

పొద్దున్న గొట్టాలు రెండూ కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టాను. పాచి సీసా నీళ్ళు పసుపు. వంటింటి కుళాయి నీళ్ళంత పసుపు. నేను కడిగిన సీసా ఆకుపచ్చ, మొన్నటిలాగే.

కడిగి మళ్ళీ వేశాను చుక్కలు. గొట్టాలనే, స్పాంజిని కాదు. అదే రంగు.

అక్క నిద్రపోతోంది. లేపలేదు. పసుపు గొట్టం పట్టుకెళ్ళి తొట్టి ముందు కూర్చున్నాను. ఇరవై రోజులు రెండు జీవుల మొప్పలు కాల్చాను, అదీ ప్రేమతో. వాటికి నోరుంటే వేలెత్తి ఎవరిని చూపించి ఉండేవి? సాక్షులన్నాడు అన్న. సాక్షులే.

బావ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి రెండు గొట్టాలూ చూశాడు. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. అనాలనే కోరుకున్నాను. వెనక వీధి చివర నీళ్ళ గొట్టం పాతదైపోయింది, అక్కడ నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి, నేను రాసి రాసి విసిగిపోయాను, నీకు తీరికున్నప్పుడు, మురుగు కూడా కలుస్తోందేమో ఆ చుక్కలతో ఒకసారి చూసి రా అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 18, శనివారం

ప్రెస్సుకి కళ్ళజోడన్న వచ్చాడు, కట్టలు తీసుకెళ్ళడానికి. జరిగింది చెప్పాను, సీసాల సంగతితో సహా. ఓపిగ్గా విన్నాడు. తర్వాత కళ్ళజోడు తీశాడు.

"ఒక ఇంటి తొట్టి సంగతి పక్కన పెట్టు. ఈ ఊరి నీళ్ళు మంచివని నువ్వు చెప్పగలవా?"

"చెప్పలేను. చెడ్డవనీ చెప్పలేను. ఈ కరపత్రంలో మాత్రం చెడ్డవని చెప్పేశాను."

"మీ బావ కాబట్టి వెనక్కి తగ్గుతున్నావు."

  ఆయన చెప్పిందాంట్లో కొంత నిజం ఉంది. దాన్ని దాటి మాట్లాడితే అబద్ధం అవుతుంది.

"వేరేవాడైతే ఇన్నాళ్ళు చూసేవాణ్ణి కాదు" అన్నాను. "ఎప్పుడో పంచేసేవాణ్ణి. అది ఇంకా తప్పయ్యేది."

కట్టలు ఇవ్వకపోతే బృందంలో నీకు చోటు ఉండకపోవచ్చు అని నెమ్మదిగానే అన్నాడు. తెలుసన్నాను. ఆయన మెట్లు దిగి వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ సైకిలు షాపు మీది గదిలో నాకు చదవడం నేర్పింది ఆయనే.

కట్టలు ఒక్కొక్కటీ కటింగ్ మిషను కింద పెట్టి లివరు లాగాను. నాలుగు ముక్కలు. మళ్ళీ లాగాను. కత్తి దిగినప్పుడు చేతికి తెలిసే ఆ మెత్తదనం, అన్ని కాగితాలకీ ఒకటే. వెనక వైపు తెల్లగా ఉన్నాయి కదా, అంచుకి జిగురు రాసి అట్టలు వేశాను. అక్క స్కూలు పిల్లలకి లెక్కలు చేసుకోవడానికి చిత్తు పుస్తకాలు.

సంచీ తీసుకుని ఇంటికి వచ్చేశాను.

ఏప్రిల్ 19, ఆదివారం

సభ జరుగుతున్న వేళకి ఇంట్లోనే ఉన్నాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు, వెనక వీధి గొట్టం గురించి అడుగుతానని. వెళ్ళేముందు ఏదో రాసుకోవడానికి కాగితం కావాలన్నాడు. చిత్తు పుస్తకం ఒకటి ఇచ్చాను. అలవాటుగా వెనక్కి తిప్పి చూశాడు. ముక్కలైన అచ్చులో ఒకచోట ఆగాడు.

"ఒత్తు సరిగ్గా పడింది" అన్నాడు. పై కాగితం మీద గొట్టం కొలతలు రాసుకుని, పుస్తకం జేబులో పెట్టుకున్నాడు.

రేపు బావతో కలిసి ఆ వీధికి వెళ్తాను, చుక్కలు తీసుకుని. ముందు చూస్తాను. రాయడం తర్వాత. రాయాల్సి వస్తే.

అక్క ఈ పూట మంచం మీద నుంచి తనే లేచి వంటింటి దాకా వెళ్ళొచ్చింది. సాయం పట్టబోతే, కూర్చో అంది. కూర్చున్నాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని తొట్టి ముందు కూర్చున్నాను. ఇంత కష్టమైన పని నేనింతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు. హెడ్మాస్టరు మూతి ముందు వానపాము ముక్క ఆడించింది అక్క. చప్పున మింగింది. డ్రిల్లు మాస్టారు వాటా కోసం పరిగెత్తుకొచ్చింది. ఎవరూ గోక్కోలేదు.

స్పాంజి సంగతి చూశాను. కళ్ళతో.